విల్ట్, జోర్డాన్, లెబ్రాన్: రూల్స్ మారిపోతుంటే ఎవరు గొప్పో ఎలా తేల్చాలి?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 1962లో విల్ట్ చాంబర్లిన్ సీజన్ మొత్తం మీద ఆటకు సగటున 50 పాయింట్లు చేశాడు కదా, ఇప్పటివాళ్లెవరూ అతని ముందు నిలవరా? జోర్డాన్ రోజుల్లో డిఫెండర్ చెయ్యి పెట్టి ఆపనిచ్చేవారు కాబట్టి అతని పాయింట్లకు విలువ ఎక్కువా? చివరిది అందరూ అడిగేదే: జోర్డానా, లెబ్రానా? మూడోదానికి నా జవాబు ఆఖర్లో చెప్తాను. మొదటి రెండూ తేల్చకుండా దాని జోలికి వెళ్తే అభిమానుల గొడవ తప్ప ఏమీ మిగలదు.

నా గురించి ఒక్క ముక్క. యూనివర్సిటీ జట్టుకు ఆడాను, తర్వాత చాలా ఏళ్లు జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకు రిఫరీగా చేశాను. మేం ఆడేటప్పుడు ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు ఉండేవి, షాట్‌కు 30 సెకన్ల టైమ్. 2000లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దాన్ని పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్లుగా మార్చింది. 2010లో త్రీ పాయింట్ గీతను (దాని బయటి నుంచి వేసిన షాట్ పడితే మూడు పాయింట్లు) 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిపింది. అర మీటరే కదా అనుకుంటాం. మంచి షూటర్లని పేరున్న కుర్రాళ్ల షాట్లు ఆ కొత్తలో రింగు దాకా కూడా వెళ్లలేదు. మరోపక్క, అంతకుముందు బెంచీ మీద కూర్చునే బలమైన కుర్రాళ్లకు చోటు దొరికింది. మనుషులు వాళ్లే, చేతులు అవే. గీత జరిగేసరికి ఎవరు పనికొస్తారన్నది మారిపోయింది. ఎన్‌బీఏ చరిత్రలో ఇలాంటిది ఒకసారి కాదు, కనీసం అరడజను సార్లు జరిగింది.

ముందు విల్ట్ సంగతి చూద్దాం, లెక్కలు బాగా దొరికేది అక్కడే.

1961-62 సీజన్‌లో ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున 80 ఆటల్లో అతని సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). ఆ మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఈ అంకెలు చూసి నోరెళ్లబెట్టడం సహజమే. అయితే పక్కనున్న ఇంకో అంకె కూడా చూడండి: ఆటకు సగటున 48.5 నిమిషాలు. ఎన్‌బీఏ ఆట నిడివే 48 నిమిషాలు, పైన వచ్చినది ఓవర్‌టైమ్‌ల పుణ్యం. అంటే మనిషి దాదాపుగా బెంచీ మీద కూర్చోనేలేదు.

ఆట వేగం కూడా వేరు. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు ఆటకు దాదాపు 108 షాట్లు వేసేది, వాటిలో 42.6 శాతం పడేవి. 2023-24లో ఒక్కో జట్టు వేసినవి సుమారు 89, పడినవి 47 శాతం పైన. అప్పట్లో పరుగెత్తుకుంటూ వెళ్లి దొరికిన షాట్ వేసేయడమే పద్ధతి. టర్నోవర్ల (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) లెక్క అప్పట్లో రాయలేదు కాబట్టి ఒక్కో జట్టుకు బంతి ఎన్నిసార్లు దక్కేదన్నది అంచనాగానే చెప్పాలి. 125 చుట్టుపక్కల ఉంటుంది. ఇప్పుడు వందకు కాస్త అటూ ఇటూ.

ఇక గుణించి చూడండి. ఇప్పటి వేగానికి దించితే 50 కాస్తా 40 అవుతుంది. ఇప్పటి స్టార్లు ఆడే 36 నిమిషాలకు కుదిస్తే 30. రీబౌండ్లకు చూడాల్సింది తప్పిన షాట్లు, ఎందుకంటే షాట్ తప్పితేనే రీబౌండ్. అప్పుడు రెండు జట్లూ కలిసి ఆటకు 124 షాట్లు తప్పేవి, ఇప్పుడు 94. అదే పద్ధతిలో దించితే విల్ట్ రీబౌండ్లు 14, 15 మధ్య తేలుతాయి. 30 పాయింట్లు, 14 రీబౌండ్లు. 2019-20లో యానిస్ అంటెటోకుంపో 29.5 పాయింట్లు, 13.6 రీబౌండ్లతో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, అదీ ఆటకు 30 నిమిషాలే ఆడి. కాబట్టి విల్ట్ ఈ రోజుల్లో ఆడినా ఎంవీపీ పోటీలో ఉండే మనిషే. కానీ ఇప్పటివాళ్లకు అందనంత ఎత్తులో ఉన్నాడని ఆ 50 ఒక్కటే చూపించి చెప్పలేం.

ఈ లెక్కతో నాకు పూర్తి తృప్తి లేదు, ఆ సంగతీ చెప్పాలి. 48 నిమిషాలు ఆగకుండా ఆడగలగడమే ఒక ప్రతిభ. దాన్ని 36కు కుదించి పక్కన పెట్టడం ఒకరకంగా అన్యాయం. పైగా అప్పటి ప్రయాణాలు ఎలాంటివో తెలుసా? 1960 జనవరిలో మిన్నియాపోలిస్ లేకర్స్ జట్టు విమానం మంచు తుపానులో దారి తప్పి అయోవాలో ఒక మొక్కజొన్న చేలో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు మళ్లీ సీజన్ కొనసాగించారు! పలచటి క్యాన్వాస్ బూట్లు, వరసగా ఆటలు. ఇప్పటివాళ్లకు సొంత చార్టర్ విమానాలు, వంటమనుషులు, ఫిజియోలు. విల్ట్‌కు అవి ఇచ్చి ఈ కాలంలో దింపుతారా, లేక అతన్ని ఆ బూట్లతోనే పట్టుకొస్తారా? ఊహల్లో మనిషిని కాలం దాటించేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు. తమ హీరోకేమో అన్నీ ఇచ్చి పంపుతారు, ఎదుటివాణ్ని వట్టి చేతులతో రప్పిస్తారు.

ఇదే తప్పించుకోవడానికి చాలామంది ఇంకో దారి పడతారు: ఎవరి కాలంలో వాళ్లు తోటివాళ్ల కంటే ఎంత ముందున్నారో చూడటం. క్రికెట్‌లో బ్రాడ్‌మన్ 99.94ను మనం మెచ్చుకునేది ఇలాగే. మంచి పద్ధతే, కానీ దీనిలో ఒక చిల్లు ఉంది. పోటీ పలచగా ఉన్నప్పుడు ముందుండటం తేలిక. 1961-62లో ఎన్‌బీఏలో ఉన్నవి తొమ్మిది జట్లు. నల్లజాతి ఆటగాళ్లను లీగ్‌లోకి రానివ్వడం మొదలై అప్పటికి పన్నెండేళ్లయినా కాలేదు, జట్టులో ఇంతమందికి మించి వద్దన్న అప్రకటిత కట్టుబాట్లు ఇంకా నడుస్తున్నాయి. విదేశీ ఆటగాళ్లు లేనట్టే. ఇప్పుడు జట్లు 30. 2019 నుంచి 2025 దాకా ఎంవీపీ అయినవాళ్లను చూడండి: యానిస్, యోకిచ్, ఎంబీడ్, షాయ్ గిల్జస్ అలెగ్జాండర్. ఒక్కరూ అమెరికాలో పుట్టినవాళ్లు కారు. అయితే తొమ్మిది జట్లే ఉండటానికి ఇంకో ముఖమూ ఉంది: ఒక్కో ప్రత్యర్థితో సీజన్‌కు సగటున పది ఆటలు. విల్ట్ బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రసెల్‌ను మళ్లీ మళ్లీ ఎదుర్కోవాలి, బలహీన జట్ల మీద అంకెలు పెంచుకునే అవకాశం తక్కువ.

రసెల్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 13 సీజన్లలో 11 టైటిళ్లు. ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం సీజన్ చివర జరిగే పోటీలు) అప్పట్లో ఎక్కువ ఏళ్లు రెండు రౌండ్లు గెలిస్తే చాలు, అదేం గొప్ప అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఇప్పుడు నాలుగు రౌండ్లు గెలవాలి, నిజమే. ఆ 11 టైటిళ్లకు ఇప్పటి 11తో సమానమైన విలువ ఇవ్వక్కర్లేదు, నేనూ ఇవ్వను. కానీ అతను ఆడిన ఆటకు సగం లెక్కే లేదు. బ్లాక్‌లు (ఎదుటివాడి షాట్‌ను అడ్డుకోవడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) నమోదు చేయడం 1973-74లో మొదలైంది, అప్పటికి అతను రిటైరై నాలుగేళ్లు. ఫైనల్స్ ఎంవీపీ అవార్డు 1969లో పుట్టింది, అదే అతని ఆఖరి సీజన్. ఆ మొదటి అవార్డు కూడా ఓడిపోయిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కు వెళ్లింది. ఇప్పుడు ఆ అవార్డుకు రసెల్ పేరే పెట్టారు గానీ అతని చేతికి అది ఒక్కసారీ రాలేదు. విల్ట్ 50 కొట్టిన సీజన్‌లో ఎంవీపీ ఎవరో తెలుసా? రసెల్. ఓటేసింది తోటి ఆటగాళ్లే. ఇద్దరితోనూ ఒళ్లు రాసుకుని ఆడినవాళ్ల తీర్పును నేను ఏ గుణకారం కంటే ఎక్కువగా నమ్ముతాను.

ఇప్పుడు జోర్డాన్ కాలం. ఇక్కడే జనం ఎక్కువగా పొరబడతారు.

హ్యాండ్ చెక్ గురించి మీరు విన్నది నిజమే. బయట డ్రిబుల్ చేస్తున్నవాడి నడుం మీద చెయ్యో ముంజేయో ఆనించి అతని దారి మళ్లించేవారు. 1978లోనే దీన్ని అరికట్టాలని చూశారు, కోర్టులో పెద్దగా అమలు కాలేదు. 1994లో మళ్లీ బిగించారు. నిక్కచ్చిగా విజిల్ వేయడం 2004-05లో మొదలైంది. ఫలితం వెంటనే కనిపించింది: జట్టు సగటు స్కోరు ఒక్క ఏడాదిలో 93.4 నుంచి 97.2కు పెరిగింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఎంవీపీ స్టీవ్ నాష్, బంతిని నడిపించే బక్కపలచటి పాయింట్ గార్డ్. అది కాకతాళీయం అని నేననుకోను.

కానీ అదే 1990లలో ఇంకో రూలు కూడా ఉండేది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా కోర్టులో ఒక చోటును కాపలా కాయడం) నిషేధం. ఎవరి మనిషిని వాళ్లే కాపలా కాయాలి. బంతి లేని చోట నుంచి వచ్చి పెయింట్‌లో, అంటే రింగు ముందున్న గీతల లోపల, ఊరికే నిలబడి ఉంటే ఇల్లీగల్ డిఫెన్స్ అని విజిల్. డబుల్ టీమ్ (ఒకడి మీదికి ఇద్దరు వెళ్లడం) చేయాలంటే నిజంగా బంతి ఉన్నవాడి మీదికే వెళ్లాలి, మధ్యలో తచ్చాడకూడదు. దీంతో దాడి చేసే జట్లు నలుగురిని ఒక పక్కకు పంపేసి స్టార్‌కు మిగతా సగం కోర్టు అప్పజెప్పేవి. ఒకడి చెయ్యి నడుం మీద ఉన్నమాట నిజం, కానీ ఆ ఒక్కణ్ని దాటితే రింగు దాకా దారి చాలావరకు ఖాళీ. 2001-02లో జోన్‌ను అనుమతించారు, దాంతోపాటు డిఫెండర్ పెయింట్‌లో ఊరికే మూడు సెకన్లకు మించి ఉండకూడదనే రూలు తెచ్చారు. ఇప్పుడు లెబ్రాన్ తన డిఫెండర్‌ను దాటే లోపలే ఇంకో ఇద్దరు సగం దూరం వచ్చి ఉంటారు. మన కాలేజీ టోర్నీల్లో ఆడినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఫిబా రూల్స్‌లో జోన్‌కు అడ్డు లేదు కాబట్టి మన జట్లలో మూడొంతులు 2-3 జోన్‌లోనే (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) కాపురం ఉంటాయి. రింగు వైపు డ్రైవ్ చేసి దూసుకెళ్లే కుర్రాడికి ప్రాణం విసిగిపోతుంది.

కాబట్టి "అప్పటి డిఫెన్స్ గట్టిది, ఇప్పటిది మెత్తనిది" అన్న మాట సగమే నిజం. అప్పుడు ఒంటి మీద దెబ్బలు ఎక్కువ, ఇప్పుడు దారిలో మనుషులు ఎక్కువ. రెండు కష్టాలూ వేరు. నా మటుకు నేను హ్యాండ్ చెక్ కంటే జోన్‌నే పెద్ద అడ్డంకిగా చూస్తాను, అయితే ఇప్పటి త్రీ షూటర్లు కోర్టును వెడల్పు చేసి ఆ అడ్డంకిని చాలావరకు తగ్గించేశారు.

జోర్డాన్ అంకెల్లో ఒక చిన్న విషయం చూడండి. 1994-95 నుంచి 1996-97 దాకా మూడు సీజన్లు ఎన్‌బీఏ త్రీ గీతను చుట్టూ 22 అడుగులకు దగ్గరచేసింది. అసలు దూరం పైభాగంలో 23 అడుగుల 9 అంగుళాలు. 1995-96లో జోర్డాన్ త్రీలు 42.7 శాతం, మరుసటి ఏడాది 37.4 శాతం పడ్డాయి. గీతను వెనక్కి జరిపిన 1997-98లో? 23.8. అతను బలహీన షూటర్ అని దీని అర్థం కాదు. మధ్య దూరంలో అతన్ని మించినవాణ్ని నేను చూడలేదు. ఆ కాలంలో త్రీ వేయడం అతని పని కాదు, ఎవరూ అడగలేదు, సాధన చేయాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు పుట్టి ఉంటే పదేళ్ల వయసు నుంచే వేసేవాడు. 1985-86లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ త్రీలు పడింది బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్‌కు, ఎన్నో తెలుసా? 82. స్టీఫెన్ కరీ 2015-16లో 402. కరీ బర్డ్ కంటే అయిదు రెట్లు మంచి షూటర్ అనే పిచ్చి లెక్క ఎవరూ వేయరు కదా. త్రీ గీత ఎన్‌బీఏలోకి వచ్చింది 1979-80లో. ఆ ఏడాది జట్లు ఆటకు సగటున మూడు కూడా ప్రయత్నించలేదు. రూలు వచ్చాక దాన్ని ఎలా వాడుకోవాలో కోచ్‌లకు తెలియడానికి ముప్పై ఏళ్లు పైనే పట్టింది.

మరి పోల్చడం కుదరదా? కుదురుతుంది. ఊహించుకోవాల్సిన పని కూడా లేదు, రూల్స్ మారుతున్నప్పుడు కోర్టులో ఉండి రెండు వైపులా ఆడినవాళ్లు మనకు నిజంగానే ఉన్నారు. నేను చూసేది వాళ్లనే. రూలు కాళ్ల కింద కదిలినప్పుడు ఎవరు నిలబడ్డారు, ఎవరు జారారు?

విల్ట్‌కు ఇక్కడ మంచి మార్కులే పడతాయి. అతని కోసమే 1964లో రింగు ముందున్న లేన్‌ను 12 అడుగుల నుంచి 16 అడుగులకు పెంచారు. అంతకుముందు 1951లో జార్జ్ మైకన్ అనే భారీ సెంటర్ వల్ల 6 నుంచి 12 చేశారు. లేన్ వెడల్పయితే పెద్ద మనిషి రింగుకు దూరంగా నిలబడాలి, అప్పుడు అతన్ని ఆపొచ్చని ఆశ. విల్ట్ పద్ధతి మార్చుకున్నాడు. 1966-67లో షాట్లు బాగా తగ్గించుకుని 24 పాయింట్లే చేశాడు, కానీ వేసినవాటిలో 68.3 శాతం పడ్డాయి, జట్టు టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ అసిస్ట్‌లు (బుట్టలో పడే షాట్‌కు దారితీసిన పాస్‌లు) ఇచ్చాడు, అదీ రింగు దగ్గర ఆడే ఒక సెంటర్! నా దృష్టిలో 50 పాయింట్ల సీజన్ కంటే ఈ రెండూ గొప్పవి.

కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఇంకా మేలైన ఉదాహరణ. కాలేజీలో ఉండగానే, 1967లో, కాలేజీ బాస్కెట్‌బాల్‌లో డంక్‌నే (పైకి ఎగిరి బంతిని రింగులో కుక్కడం) నిషేధించారు, ఇతని వల్లేనని అందరూ అనుకునేవారు. అతను ఆగిపోలేదు, స్కై హుక్‌ను (ఒంటి చేత్తో తల మీదుగా వేసే షాట్) ఆయుధంగా చేసుకున్నాడు. 1969 నుంచి 1989 దాకా ఎన్‌బీఏలో 20 సీజన్లు. ఆ మధ్యలో ఏబీఏ అనే పోటీ లీగ్ నుంచి 1976లో నాలుగు జట్లు, జూలియస్ ఎర్వింగ్ లాంటి ఆటగాళ్లు వచ్చి కలిశారు, త్రీ గీత వచ్చింది, ఆట తీరే మారింది. 1972 ప్లేఆఫ్స్‌లో 35 ఏళ్ల విల్ట్‌తో తలపడ్డాడు. పాయింట్లు కరీమ్ బాగానే చేశాడు గానీ సీజన్‌లో ఉన్న గురి ఆ సిరీస్‌లో లేదు, గెలిచింది విల్ట్ ఉన్న లేకర్స్. అదే కరీమ్ 1985లో 38 ఏళ్ల వయసులో బర్డ్ జట్టు మీద ఫైనల్స్ ఎంవీపీ. ఆపై జోర్డాన్ ఉన్న లీగ్‌లోనూ నాలుగేళ్లు ఆడాడు. విల్ట్ అప్పటివాళ్ల మీదే చెల్లాడు అనేవాళ్లు ఈ ఒక్క గొలుసు చూడాలి: ముసలి విల్ట్ నడివయసు కూడా రాని కరీమ్‌కు సమ ఉజ్జీ, ముసలి కరీమ్ మంచి వయసులో ఉన్న బర్డ్ తరానికి సమ ఉజ్జీ. పాత తరం మరీ అంత తేలికైనది కాదు.

జోర్డాన్ కూడా ఒక మార్పు దాటాడు, జనం మర్చిపోతారు. జోన్ వచ్చాక వాషింగ్టన్‌కు 2001-02లో, 2002-03లో ఆడాడు. 22.9, 20.0 పాయింట్లు. వయసు నలభైకి చేరుతోంది, కాబట్టి దీన్నిబట్టి జోన్ అతన్ని ఆపేదో లేదో చెప్పడం కష్టం. అతని అసలు సర్దుబాటు అంతకుముందే జరిగింది. 1986-87లో రింగు మీదికి దూకుతూ 37.1 చేసినవాడు, 1997-98లో లీగ్ స్కోర్లు బాగా పడిపోయిన రోజుల్లో వెనక్కి వాలి వేసే ఫేడవేతో 28.7 చేసి టైటిల్ గెలిచాడు.

ఇక లెబ్రాన్. 2003-04లో అతను వచ్చేటప్పటికి హ్యాండ్ చెక్ ఇంకా నడుస్తోంది, జట్లు 93 పాయింట్లతో ఈడుస్తున్నాయి, ఆటకు 15 త్రీలు ప్రయత్నిస్తే గొప్ప. ఆ ఏడాది అతని త్రీలు 29 శాతమే పడ్డాయి. ఇరవై ఏళ్ల తర్వాత 2023-24లో 41 శాతం. 2024-25లో జట్లు ఆటకు 37 పైన త్రీలు వేస్తున్న లీగ్‌లో, సీజన్ మధ్యలో నలభై నిండినవాడు 24.4 పాయింట్లు, 8.2 అసిస్ట్‌లు. మధ్యలో ఒక పూర్తి తరం సెంటర్లు, త్రీ వేయలేక, ఉద్యోగాలు పోగొట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు. ఒకే ఒక్క సీజన్, రూల్స్ 1990-91వి అని ముందే చెప్పి ఆటగాణ్ని ఎంచుకోమంటే క్షణం ఆలోచించకుండా జోర్డాన్‌ను తీసుకుంటాను. 31.5 పాయింట్లు, గురి 54 శాతానికి దగ్గర, ఎంవీపీ, టైటిల్, పైగా డిఫెన్స్‌లో కూడా ముందు వరస. ఏ సంవత్సరం రూల్స్ పెడతారో చెప్పకుండా, లేన్ 12 అడుగులో 16 అడుగులో, త్రీ గీత ఉంటుందో ఉండదో, చెయ్యి పెట్టనిస్తారో లేదో తెలియకుండా ఇప్పుడే ఒకణ్ని తీసుకోమంటే లెబ్రాన్‌ను తీసుకుంటాను. అతన్ని ఎవరైనా ముందే పట్టుకుపోతే కరీమ్‌ను. జోర్డాన్ మూడోవాడు. విల్ట్‌ను నాలుగో స్థానంలో పెట్టడానికి నాకేమీ మొహమాటం లేదు, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్లు) కాస్త నేర్చుకుని వస్తే ఇంకా పైకి తెచ్చేవాణ్ని.